పోలిన పాములు, వేఱుపఱచిన చూపు



దీపము పెట్టిన తరువాత పాము పేరెత్తకూడదని మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు. చెప్పక తప్పనిచో “పురుగు” అందురు; పాము కఱచెననుటకు “పురుగు ముట్టినది” అందురు. ఆ మాటలో భయమున్నది, భయముతోపాటు ఒక మర్యాదయు నున్నది. ఐనను నేటి సాయంకాలము ఆ నియమమును కొంత సడలించి పామును పాము పేరుననే పిలువవలసియున్నది. ఏలయనగా నేటి ప్రసంగము పాముల పేళ్లను గూర్చియే. ఒకదానినొకటి పోలియుండు పాములను మనుష్యుడు ఎట్లు వేఱుపఱచెను? ఆ విద్యకు తెలుగుదేశమున ఎవరు పునాది వేసిరి? అది చేతికందుటకు ఎంతకాలము పట్టెను? ఈ మూడు ప్రశ్నలకు చరిత్ర యిచ్చు సమాధానమును మీకు విన్నవింపదలచితిని.

ఇది పొద్దుపోక చెప్పుకొను కథ కాదు. 2000 మొదలు 2019 వఱకు గల యిరువది సంవత్సరములలో మన దేశమున పాముకాటుచేత మరణించినవారు సుమారు 12 లక్షలమంది యని 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధన తెల్పుచున్నది. అనగా ఏటికి ఇంచుమించు 58 వేలమంది. వీరిలో పట్టణవాసులు తక్కువ. పొలమునకు నీరు పెట్టబోయినవారు, గడ్డివామి నుండి గడ్డి దూయువారు, నేలమీద చాపవేసికొని నిద్రించినవారు ఎక్కువ. మరణములు హెచ్చుగా నున్న రాష్ట్రముల పట్టికలో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములును చేరియున్నవి. కావున పాములను పోల్చుకొను విద్య మనకు వినోదము కాదు, ప్రాణావసరము.

ఈ చిక్కు నేటిది కాదు. మహాభారతమున ఆదిపర్వమునందు రురుని కథ కలదు. తెనుగు భారతమున నన్నయభట్టారకుడు చెప్పినదానిని మీలో పలువురు చదివియే యుందురు. రురుడు ప్రమద్వర యను కన్యను వరించెను. పెండ్లికి ముందే ఆమె పాము కఱచి మరణించెను. రురుడు తన యాయువులో సగమిచ్చి ఆమెను బ్రదికించుకొనెను. కాని అతని కోపము చల్లాఱలేదు. కంటబడిన పామునెల్ల కఱ్ఱతో మోది చంపుచు తిరుగుచుండెను. ఒకనాడు డుండుభమను పాముపై కఱ్ఱ యెత్తగా ఆ డుండుభము నోరు తెఱచి, తాను విషము లేనిదాననియు, ఆకారమున మాత్రమే సర్పములను పోలినదాననియు, పోలికను జూచి చంపుట ధర్మము కాదనియు వాదించెను. అది శాపవశమున పామైన సహస్రపాదుడను ఋషి. కథను కథగానే తీసికొన్నను అందలి ప్రశ్న నిజమైనది. కఱ్ఱ యెత్తినవాడు దేనిమీద ఎత్తుచున్నాడో ఎఱుగవలదా?

మన వైద్యశాస్త్రము ఈ ప్రశ్నను అలక్ష్యము చేయలేదు. సుశ్రుతసంహిత కల్పస్థానమున పాములను ఎనుబది విధములుగా లెక్కించి, వానిని కొన్ని వర్గములుగా విభజించిరి. పడగ గలవి దర్వీకరములు. దర్వి యనగా గరిటె, పడగ గరిటెవలె నుండుటచే నా పేరు. ఒంటిమీద మండలములు, అనగా గుండ్రని మచ్చలు గలవి మండలులు. చారలు గలవి రాజిమంతములు. రాజి యనగా వరుస, చార. ఇవి గాక విషము లేనివి, సంకరజాతులవి వేఱుగా చెప్పబడినవి. దర్వీకరము కఱచినచో వాతలక్షణములు, మండలి కఱచినచో పిత్తలక్షణములు, రాజిమంతము కఱచినచో కఫలక్షణములు కలుగునని అందు వ్రాసిరి. నేటి పండితులు దర్వీకరములను నాగుపాములతోను, మండలులను పింజరిజాతులతోను, రాజిమంతములను కట్లపాము జాతితోను సరిపోల్చుదురు. త్రిదోషసిద్ధాంతమును నేటి వైద్యులు అంగీకరించినను అంగీకరింపకున్నను, పామునుబట్టి కాటు లక్షణములు వేఱగునను ముఖ్యాంశమును మన పూర్వులు ఆనాడే పట్టుకొనిరి.

ఐనను చిక్కు మిగిలియే యున్నది. అమరకోశము తెఱచి చూడుడు. అందు రాజిలము, డుండుభము అను రెండు శబ్దములు ఒక్క జాతికే పేళ్లుగా చెప్పబడినవి. సుశ్రుతుని రాజిమంతము ప్రాణము తీయునది. అమరుని రాజిలము విషము లేని డుండుభమునకు మాఱుపేరు. రెండు పేళ్లును రాజి యను ఒక్క శబ్దమునుండియే పుట్టినవి. చారను బట్టి పేరు పెట్టినచో, చార గల రెండింటికిని ఆ పేరు పోవును. ఒకటి చంపునది, ఒకటి చంపనిది. ఒంటిమీది రంగును, చారను మాత్రమే నమ్మినవారికి కలుగు ఇబ్బంది ఇదియే.

దీనికి మన యింటిముంగిట దృష్టాంతము కలదు. కట్లపామును మీరెఱుగుదురు. నీలపు నిగ్గుగల నల్లని యొడలు, దానిపై సన్నని తెల్లని కట్లు. దానిని పోలినదే మఱియొక పాము మన యిండ్ల గోడలసందులలో బల్లులను వెదకికొనుచు తిరుగుచుండును. దానికిని ముదురురంగు మేను, తెల్లని పట్టీలు. అదియు రాత్రి సంచారియే. ముందుపండ్లు కొంచెము పొడవుగా నుండుటచే శాస్త్రజ్ఞులు దానికి గ్రీకుభాషలో తోడేలుపండ్లది యను నర్థము గల పేరు పెట్టిరి. ఈ తోడేలుపాము కఱచినచో మనుష్యునకు విషమెక్కదు. కట్లపాము కఱచినచో, మందు అందనియెడల, కొన్ని గంటలలో శ్వాస నిలిచిపోవచ్చును. లాంతరు వెలుతురులో గోడవార ప్రాకు పాము ఈ రెండింటిలో నేదియో చెప్పుట సామాన్యుల తరము కాదు. ఇచ్చట ఇరువైపులను ప్రమాదమే. తోడేలుపామును కట్లపామని తలచి దానిని చంపుట యొక తప్పు. కట్లపామును బల్లులపామే యని నిర్లక్ష్యము చేయుట అంతకంటె గొప్ప తప్పు. తోడేలుపాము కఱచినవానికి మంత్రము వేసినచో వాడు బ్రదుకును. మంత్రమునకు కీర్తి వచ్చును. ఆ కీర్తిని నమ్మి మఱునాడు కట్లపాము కఱచినవానినిగూడ అక్కడకే మోసికొనిపోవుదురు. పోలికవలన కలిగిన ఈ భ్రాంతి ఎన్ని కుటుంబములను కూల్చినదో ఆలోచింపుడు.

ఈ భ్రాంతిని తొలగింపవలెనను పట్టుదలతో విశాఖపట్టణమున కూర్చుండి పనిచేసిన వైద్యుడొకడు గలడు. అతని పేరు పాట్రిక్ రస్సెలు. స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమున 1727లో జన్మించెను. యౌవనమున సిరియాదేశపు అలెప్పో పట్టణమున అచ్చటి ఆంగ్లవర్తకసంఘమువారికి వైద్యుడుగా నుండెను. ఆ పట్టణమున మహామారి విజృంభించినపుడు రోగులను జూచి, తాను గ్రహించినదానిని తరువాత 1791లో గ్రంథముగా ప్రకటించెను. అతని తమ్ముడు క్లాడు రస్సెలు ఈస్టిండియా కంపెనీ కొలువున విశాఖపట్టణమున అధికారిగా నియమింపబడగా, తమ్మునితోగూడ 1781లో ఇతడును బయలుదేరి వచ్చెను. అప్పటికి ఇతనికి ఏబదియేండ్లు దాటినవి. ఆ వయస్సున క్రొత్తదేశమునకు వచ్చి, క్రొత్తవిద్య నారంభించినవాడు. 1785లో కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడగు కోనిగు మరణింపగా ఆ యుద్యోగము రస్సెలునకు లభించెను. అదే కాలమున సామర్లకోటలో విలియం రాక్సుబరో మన కోస్తా మొక్కలను వర్ణించుచుండెను. ఇట్లు సర్కారు జిల్లాలలో ఒక చోట మొక్కలకు, ఒక చోట పాములకు లెక్కలు వ్రాయబడుచుండెను.

రస్సెలు గది విడువక పుస్తకములు తిరుగవేసిన పండితుడు కాడు. పాములవాండ్రు, పల్లెలవారు తెచ్చిన పాములను తీసికొని, వాని పొడవు కొలిచి, పొలుసులు లెక్కించి, రంగు చెడకముందే బొమ్మలు వ్రాయించెను. నోరు తెఱచి కోఱలు పరీక్షించెను. కోళ్లను, కుక్కలను కఱపించి ఏ పాము విషము ఎట్లు పనిచేయునో చూచెను. ఆ దినములలో పాముకాటునకు దివ్యౌషధమని పేరుపొందిన తంజావూరు మాత్రలనుగూడ పరీక్షకు పెట్టెను. అందు పాషాణము చేరియుండెడిది. పేరును జూచి మెచ్చక, పనిని జూచి నిర్ణయించుట ఇతని పద్ధతి.

అతడు 1789లో స్వదేశమునకు మరలెను. అతడు సిద్ధపఱచిన సర్పగ్రంథము కంపెనీ డైరెక్టర్ల యుత్తరువుపై 1796లో లండనులో అచ్చయ్యెను. చోళమండల తీరమున సేకరింపబడిన హిందూదేశపు సర్పముల వృత్తాంతమని దాని పేరు. రంగులు వేసిన బొమ్మలతో పెద్ద పుటలుగల గ్రంథమది. దాని రెండవ సంపుటము 1801 మొదలుకొని భాగములుగా వెలువడి, కొన్ని భాగములు 1805లో అతడు మరణించిన పిమ్మట వచ్చినవి. 1803లో విశాఖపట్టణపు చేపలు రెండువందలనుగూర్చి వేఱొక గ్రంథము ప్రకటించెను.

మనము గర్వింపదగిన విషయ మొకటి కలదు. రస్సెలు పాములకు లాటిను పేళ్లు కల్పింపలేదు. మన పాములవాండ్రు పలికిన పేళ్లనే, తన చెవికి వినబడినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనెను. నేడు మనము రక్తపింజరి యను పామునకు అతని గ్రంథమున “కాటుక రేకుల పొడ” యని పేరున్నది. పొడ యనగా మచ్చ. కాటుక దిద్దినట్టి నల్లని యంచుగల పూరేకులవంటి మచ్చలని దీని కన్వయము చెప్పుకొనవచ్చును. ఆ పామును జూచినవారికి ఇంతకంటె చక్కని వర్ణన యుండదని తోచును. కొండచిలువకు “పెద్దపొడ” యని వ్రాసెను. కాటుకరేకుల పొడ భయంకరమైన విషసర్పమనియు, నాగుపాము తరువాత దానినే లెక్కింపవలెననియు రస్సెలు యూరపువారికి తెలియజేసెను. 1797లో షా యను ఆంగ్లపండితుడు ఆ పామునకు రస్సెలు పేరే శాస్త్రనామముగా పెట్టెను. నేడు లోకమంతట ఆ పాము అతని పేరుననే పిలువబడుచున్నది. మన కాటుకరేకులు మాత్రము పాతపుస్తకమున మిగిలిపోయినవి.

మఱియొక పేరు మిగిలినది. నల్లని పసుపుపచ్చని వెడల్పు పట్టీలుగల కట్లపాము జాతి యొకటి కలదు. దానిని తెలుగువారు “బంగారుపాము” అనిరి. రస్సెలు అట్లే వ్రాసికొనెను. 1803లో దోదెన్ అను ఫ్రెంచిపండితుడు కట్లపాముల వర్గమంతటికిని శాస్త్రనామము పెట్టవలసివచ్చి, ఈ తెలుగుమాటనే లాటిను రూపమున మలచి “బుంగారస్” అనెను. నల్లని మన కట్లపాము మేన పసుపు లేశమైనను లేదు. ఐనను ప్రపంచమున ఏ దేశమున కట్లపామును వర్ణించినను, ఆ పండితుడు ముందుగా పలుకునది తెలుగు బంగారమే.

నాగుపాముల విషయమున వేఱొక చిక్కు వచ్చెను. మన పాములవాండ్రు పడగమీది గుఱుతును, మేని రంగును బట్టి చింతనాగు, మల్లెనాగు, జొన్ననాగు, కంబళినాగు ఇత్యాదిగా పలువిధములు చెప్పిరి. ఇవియన్నియు వేఱ్వేఱు జాతులా, లేక ఒక్క జాతిలోని భేదములా? ఎఱ్ఱావు నల్లావు రెండును ఆవులే కదా. రస్సెలు వీనిని పరీక్షించి ఒక్క జాతిలోని యంతర్భేదములుగానే గ్రహించెను. ఇట్లు పోలిక రెండువిధముల మోసము చేయును. ఒక్కటే యైనవానిని రంగుభేదముచేత పలుజాతులుగా చూపును. వేఱైనవానిని రంగుపోలికచేత ఒక్కటిగా చూపును. శాస్త్రజ్ఞులును ఈ సందేహమును సులభముగా దాటలేదు. బంగాళదేశమునందు పడగపై రెండు కండ్లు గాక ఒక్క కన్ను మాత్రమే గల నాగుపామున్నది. దానిని చిరకాలము మన నాగుపామునకు ఉపజాతిగానే లెక్కించి, తుదకు వేఱుజాతిగా నిర్ణయించిరి.

ఇక రస్సెలు ప్రధానాశయమునకు వత్తము. విషముగల పామును, విషములేని పామును, నోరు తెఱచి కోఱలు చూడకయే, సామాన్యులు గుఱుతింపగల యొక బాహ్యచిహ్నము కనిపెట్టవలెనని అతని కోరిక. అంతకుపూర్వము స్వీడనుదేశపు లిన్నేయసు, పొట్టక్రింది పలకల సంఖ్యను, తోకక్రింది పలకల సంఖ్యను లెక్కించి పాములను వేఱుచేసెను. కాని ఆ సంఖ్య ఒక్క జాతిలోనే పామునకు పామునకు మాఱుచుండును. తల వెడల్పు చూతమా? రక్తపింజరికి తల వెడల్పే గాని కట్లపాము తల మెడకంటె పెద్దది గాదు. రంగు చూతమా? తోడేలుపాము మోసము చేయును. పడగ చూతమా? అది నాగుపాముల కొక్కదానికే చాలును. చచ్చిన నాగుపాము పడగ విప్పదు. ఎంత శ్రమించినను, విషసర్పములన్నిటికిని చెల్లునట్టి ఒక్క బాహ్యచిహ్నము రస్సెలునకు దొరకలేదు. కోఱలు చూచుటయే నిశ్చయమని తేలెను. లేని చిహ్నమును ఉన్నదని చెప్పి కీర్తి సంపాదింపక, దొరకలేదని తెల్లముగా వ్రాసినవాడు తరువాతివారికి గొప్ప మేలు చేసినవాడు. ఏలయనగా వా రొక్క గుఱుతును వెదకుట మాని, జాతికొక గుఱుతును వెదకిరి.

ఆ వెదకుట ఫలించుటకు నూఱేండ్లకు మించి పట్టెను. నడుమ 1872లో జోసెఫ్ ఫేయరరు అను వైద్యుడు ప్రాణాంతకమగు భారతదేశపు సర్పములనుగూర్చి బొమ్మలతో పెద్దగ్రంథము వెలువరించెను. ఆ కాలమున దొరతనమువారు విషసర్పమును చంపి తెచ్చినవారికి బహుమతి యిచ్చు ఏర్పాటు చేసిరి. ఫలమేమైనది? గుఱుతెఱుగనివారు విషములేని పాములనుగూడ తెచ్చి బహుమతి కోరిరి. ఎలుకలను తిని పంటను కాచు జెఱ్ఱిపోతులవంటివి ఇట్లు వృథాగా పోవుట కవకాశ మేర్పడెను. రురుని కథ మరల జరిగినది. ఐతే ఈమాఱు పాములకు వాదించుటకు నోరు లేదు.

తుదకు ఫ్రాంకు వాల్ అను సైనికవైద్యుడు 20వ శతాబ్ది తొలి పదియేండ్లలో, బొంబాయి ప్రకృతిశాస్త్రసంఘము ద్వారా, విషసర్పములను గుఱుతించు పద్ధతిని చిన్నపుస్తకముగా ప్రకటించెను. అతడు రంగును చారను ప్రక్కకు నెట్టి, పొలుసుల యమరికను పట్టుకొనెను. రంగు వెలసిపోవును, కుబుసము విడుచు వేళ మసకబాఱును. పొలుసుల యమరిక మాఱదు. కట్లపామునకు వెన్నెముక వెంబడి నడుచు పొలుసుల వరుస మిగిలినవానికంటె పెద్దదై, ఆఱుకోణములు గలిగియుండును. తోకక్రింది పలకలు రెండుగా చీలక ఒంటిగా నుండును. తోడేలుపామునకు వెన్నుపొలుసులు పెద్దవి గావు. తోకక్రింది పలకలు జంటలుగా నుండును. వెన్నుపొలుసులు పెద్దవైన విషరహితసర్పములును కొన్ని గలవు గనుక, క్రిందిపెదవి పలకలలో నాల్గవది అన్నిటికంటె పెద్దదిగా నున్నదాయనియు చూడవలెనని వాల్ చెప్పెను. నాగుపామునకు పైపెదవి పలకలలో మూడవది ముక్కును కంటిని రెండింటిని తాకును. రక్తపింజరికి తలమీద పెద్దపలకలు లేక, చిన్నచిన్న పొలుసులే క్రమ్మియుండును. పొట్టక్రింది పలకలు ఈ యంచునుండి ఆ యంచువఱకు వ్యాపించును. రస్సెలు కోరిన బాహ్యచిహ్నము, ఒక్కటిగా గాక, ఇట్లు నాలుగైదుగా దొరకెను. అయితే ఈ గుఱుతులు చచ్చిన పామును చేతబట్టి చూచు వైద్యునకు పనికివచ్చునవి. బ్రదికియున్న పాము పెదవి పలకలను లెక్కింపబోవుట ఆత్మహత్యతో సమానము.

దూరమునుండి చూచువారికి కొన్ని మాటలు చెప్పెదను. ఇవి జాగ్రత్త కొఱకే గాని ధైర్యము కొఱకు కాదు. కట్లపాము తెల్లకట్లు సన్ననివి, తఱచు జంటజంటలుగా నుండును. మెడవద్ద చెదరి, తోకవైపు స్పష్టమగును. తోడేలుపాము పట్టీలు మెడవద్ద స్పష్టమై, తోకవైపు మాసిపోవును. రక్తపింజరికి వీపుమీద గొలుసువలె మూడువరుసల నిండుమచ్చలు, ఒక్కొక్కదానికి నల్లని యంచు, మెడకంటె వెడల్పైన ముక్కోణపు తల, కుక్కరువలె బుసకొట్టును. ఇసుకనేలలలో బొరియలుచేయు పొట్టిలావుపాము మచ్చలలో దీనిని పోలును గాని, దాని మచ్చలు ఒకదానితో నొకటి కలిసిపోవును, కన్ను చిన్నది, తోక మొండిగా నుండును. కొండచిలువ పిల్లను జూచి రక్తపింజరి యనువారున్నారు. రక్తపింజరి పిల్లను కొండచిలువ పిల్లయని చేతబట్టినవారును గలరు. ఈ రెండవవారే ప్రమాదమున పడుదురు. జెఱ్ఱిపోతు నాగుపాముతో జతకట్టునను మాటయు పోలికవలన పుట్టిన భ్రాంతియే. పెనవేసికొని నిలువున లేచు జంట, చాలవఱకు బలము చూపుకొను రెండు మగ జెఱ్ఱిపోతులే.

మీరడుగవచ్చును, ఇంత భేదము తెలిసినందువలన వైద్యమునకు కలిగిన లాభమేమని. 1895 ప్రాంతమున కాల్మెట్టు అను ఫ్రెంచివైద్యుడు గుఱ్ఱములకు నాగుపాము విషమును కొద్దికొద్దిగా ఎక్కించి, వాని రక్తమునుండి విషహరమగు మందు తీసెను. ఆ మందు సర్వసర్పవిషములకును పనికివచ్చునని మొదట ఆశపడిరి. కాని నాగుపాము విషమునకు చేసినది రక్తపింజరి విషమును హరింపదని కొలదికాలములోనే తేలెను. ఏ పామో తెలియనిచో ఏ మందో తెలియదు. కావున మన దేశమున నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగింటి విషములకును కలిపి ఒక్కటే సూదిమందు తయారుచేయు పద్ధతి వచ్చెను. పోల్చుకొను బరువును రోగి తలపైనుండి దింపి, మందు తయారుచేయువారి తలపై పెట్టినారన్నమాట.

ఆ మందునకు వలసిన విషమును తీయువారెవరు? మద్రాసునకు దక్షిణమున 1978లో ఇరుళజాతివారు ఒక సహకారసంఘముగా నేర్పడిరి. పూర్వము పాములను తోలుకొఱకు పట్టినవారు, నేడు పట్టి, విషము తీసి, మరల అడవిలో విడుచుచున్నారు. దేశమున తయారగు మందునకు విషములో పెద్దభాగము వారియొద్దనుండియే వచ్చుచున్నది. రస్సెలునకు పేళ్లు చెప్పిన మన పాములవాండ్ర చూపునకును, ఈ ఇరుళవారి చూపునకును బంధుత్వము కలదు. లోకము తక్కువగా జూచినవారి విద్యయే లోకమును కాచుచున్నది. ఇందును ఒక చిక్కు బయలుపడినది. ఒకే జాతిపామునకు దక్షిణదేశమున నొకవిధముగను, ఉత్తరపశ్చిమములందు వేఱొకవిధముగను విషములో భేదముండునని, అందుచే ఒకచోటి విషముతో చేసిన మందు వేఱొకచోట తక్కువగా పనిచేయుననియు పరిశోధకులు చెప్పుచున్నారు. వెలుపల ఒక్కటే యైనది లోపల వేఱుకావచ్చును. రస్సెలు మొదలిడిన పని ఇంకను ముగియలేదు.

పెద్దలారా, గ్రామమున మీ మాట చెల్లును. కావున మూడు సంగతులు మీకు మనవి చేయుచున్నాను.

మొదటిది: పాములను పోల్చుకొను విద్య కాటునకు ముందు నేర్వవలసినది. కాటు పడిన తరువాత పామును వెదకుటకును, చంపి తెచ్చుటకును కాలము వ్యర్థపఱుపరాదు. తెగిన పాముతలయు కొంతసేపు కఱవగలదు. కఱచిన యవయవమును కదల్పక, కత్తితో కోయక, నోటితో పీల్పక, బిగించి కట్టక, రోగికి ధైర్యము చెప్పి తిన్నగా సూదిమందుగల వైద్యశాలకు చేర్చవలెను. విషములేని పామేయని మీ కనుమానమున్నను ఆ నిర్ణయము వైద్యునకు విడుచుట క్షేమము.

రెండవది: కట్లపాము కాటు తఱచు రాత్రి నిద్రలో జరుగును. నొప్పి యంతగా నుండదు, గాటు కనబడకపోవచ్చును. తెల్లవాఱుజామున కడుపునొప్పియనియు, కనుఱెప్పలు వాలుచున్నవనియు, మాట తడబడుచున్నదనియు చెప్పినవానిని అజీర్ణమని తలచి కషాయమిచ్చి కూర్చుండబెట్టవలదు. నేలమీద పడుకొనుట మాని మంచము వాడుట, దోమతెర అంచులను పఱుపుక్రింద దోపుకొనుట, చీకటిలో వెలుతురు తీసికొనిపోవుట, ఇవి మంత్రములకంటె మేలు.

మూడవది: మీ యూరి పాములకు మీ తాతలు పెట్టిన పేళ్లను పిల్లలకు చెప్పుడు. ఏ పేరు ఏ గుఱుతునుబట్టి వచ్చినదో చెప్పుడు. పాము పేరెఱిగినవాడు పామును చూచియుండును. చూచినవాడు తప్పుకొని నడచును. కాటుకరేకుల పొడయను పేరు వినిన పిల్లవాడు ఆ మచ్చలను ఎండుటాకులమధ్య కన్నంతనే అడుగు వెనుకకు వేయును. మన భాష మనకిచ్చిన కావలి యిది. దానిని పోగొట్టుకొనరాదు.

స్వస్తి. సెలవు.